తడిసిన కోక మీద పొడి కోక

ఈ సంగతి ఎప్పుడో రాయవలసింది, కానీ నాకు అక్షరాలే వచ్చేవి కావు. అరవై దాటాక, ఈ బెంగాలీ ఊళ్లోని మా రైల్వే ట్రాఫిక్ కాలనీలో ఒక టీచరమ్మ మధ్యాహ్నం పూట తెలుగు చెబుతుంటే మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. నిన్న ఖరిదా బజారులో కాలీఫ్లవర్ చేతిలోకి తీసుకోగానే పురుగుమందు వాసన గుప్పుమంది. దాన్ని అక్కడే వదిలేసి ఇంటికి వచ్చి ఇది మొదలుపెట్టాను.

రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మా ఆయన పోయాక, నేనూ మా తోటికోడలూ ఊరి బయట కూరగాయల తోటల్లో కూలికి వెళ్లేవాళ్లం. డ్రమ్ములో మందు కలిపి మగవాళ్ల వీపు మీది పంపుల్లో పోయడం ఆడవాళ్ల పని. పక్కనున్న హిజ్లీ నుంచి, మందుల జాగ్రత్తలు చెప్పే ఒక బెంగాలీ దీదీ వచ్చి, మమ్మల్ని గట్టు మీద కూర్చోబెట్టి, ఫోనులో వీడియో చూపించేది. మందు ఒంటిమీద పడితే బట్టలు వెంటనే విప్పేసి సబ్బుతో బాగా కడగాలి, వాంతి చేయించకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, మందు డబ్బా ఆసుపత్రికి పట్టుకెళ్లాలి. అందులో ఒక మగమనిషి చెడ్డీతో నిలబడి ఒళ్లంతా నురగ చేసుకుంటుంటే, మా తోటికోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ఓలమ్మ, మా ఆయన పెళ్లినాడు కూడా ఇంత సబ్బు రుద్దుకోనేదు!" అంది. అందరం పడీపడీ నవ్వాం.

ఆ శీతాకాలమే ఆమె కాలు జారి డ్రమ్ము మీద పడింది. మందు మెడ నుంచి పాదాల దాకా తడిపేసింది. కాసేపటికే చెమటలు, నోట నురగ. పక్కకు తిప్పి పడుకోబెట్టాం, ఆసుపత్రికి పట్టుకెళ్లడానికి డబ్బా తీసి పెట్టాం, వాంతి చేయించాలని చింతపండు నీళ్లు తెచ్చినావిడను వెనక్కి పంపేశాం. నేను కోక మీద చెయ్యి వేసేసరికి మాలో పెద్దావిడ నా మణికట్టు పట్టేసింది.

"ఏటే, మగోళ్లందరూ సూస్తుంటే ఆడకూతురి కోక ఇప్పేస్తావేటి? మతి పోనాదా?"

మొహం, చేతులు కడిగి, తడిసిన కోక మీదే ఒక పొడి కోక చుట్టి వ్యానులో ఎక్కించాం. అలా చుట్టడమే మర్యాద అనుకున్నాం. ఆసుపత్రిలో నర్సు ఆ రెండు కోకలనూ కత్తెరతో కోసి పారేస్తూ, "ఇంతసేపూ ఒంటిమీదే ఉంచారా?" అని అడిగింది.

ఆమె బతికింది కానీ కాళ్లలో మునుపటి బలం రాలేదు. ఆ నవ్వు కూడా తగ్గిపోయింది. ఇప్పుడు ప్రతి కూలిమనిషి చేతిలోనూ ఫోను ఉంది, చూడమంటే వెయ్యి వీడియోలు. అయినా తోటల్లో ఆ వాసన పోలేదు, ఒళ్లు కనబడుతుందన్న భయమూ పోలేదు.

ఆమెను ఆసుపత్రిలో చేర్చిన ఆ రోజు మాత్రం, బతుకుతుందో లేదో డాక్టరు చెప్పలేకపోయాడు. మర్నాడు పొద్దున్నే, మగవాళ్ల కంట పడకుండా కోక ఎలా విప్పొచ్చో చూపిద్దామని నేను దీదీని తోటకు పిలిపించాను. మా ఆడవాళ్లను చుట్టూ నిలబెట్టి, నాలుగు కోకలు తెరలా పట్టుకోమన్నాను. పెద్దావిడ కూడా ఒక కొస పట్టుకుంది. దీదీని తెర బయటే ఉండి ఫోనులో వీడియో తీయమని చెప్పి, నేను లోపలికి వెళ్లి, బిందెడు నీళ్లు మీద పోసుకుని, తడిసిన కోక విప్పి ఆ తెర మీదుగా బయటికి విసిరేశాను.