మాంసం ముట్టని బిర్యానీ మాస్టర్, మా ఖాసీం మామ

నిన్న పొద్దున ఫ్యామిలీ గ్రూప్‌లో మెసేజ్. "ఖాసీం మామ ఇక లేడు."

ఫోన్ పక్కన పెట్టాను. మళ్లీ తీసి చదివాను.

మొన్న శుక్రవారమే కదా, "బియ్యం సరిగ్గా నానబెట్టినావా లేదా? నీకు అన్నీ తొందరే" అని నన్ను ఫోన్లో తిట్టాడు! నమ్మబుద్ధి కాలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఆయన మా అమ్మ తమ్ముడు. ఎమ్మిగనూరులో బిర్యానీ మాస్టర్. డెబ్భైల్లో, ఎనభైల్లో మా వైపు ఏ పెళ్లయినా డేగిసా, అదే పెద్ద బిర్యానీ గిన్నె, దగ్గర ఆయనే ఉండాలి.

కానీ ఆయన మాంసం తినడు.

మామ భార్య మాబున్ని అత్తకు కామెర్లు ముదిరి, ఇక జన్మలో మాంసం ముట్టొద్దన్నాడు డాక్టరు. ఆ పూటే మామ కూడా మానేశాడు.

"ఆమె పక్కన కూసోని నేను బొక్క కొరుకుతాంటే, ఆమెకు పప్పన్నం గొంతు దిగుతాదా?" అన్నాడట.

ఉప్పు సరిపోయిందో లేదో ఆవిరి వాసన చూసి చెప్పేవాడు. జనం ఊరుకుంటారా? "ఖాసీం సామి" అని పేరు పెట్టారు. పెళ్లాం కొంగు పట్టుకుని కూర్చున్నాడని నవ్వారు. ఈయన కూడా వాళ్లతో పాటు నవ్వి, గరిటె తిప్పుకునేవాడు.

ఆదోనిలో నా పెళ్లి.

మా నాయనకు ప్రాణ స్నేహితుడు హాలహర్వి బసప్ప. ఇద్దరూ ఒకే పత్తి జిన్నింగ్ మిల్లులో పని. వాళ్లు లింగాయతులు, మాంసం ముట్టరు. మా ఇంటి శుభకార్యాలకు వచ్చేవాళ్లు, దీవించేవాళ్లు, తినేవాళ్లు కాదు. నాయన బియ్యం, పప్పు, నెయ్యి, కూరగాయలు మూటగట్టి స్వయంపాకం ఇచ్చేవాడు. వాళ్లు ఇంటికి పోయి వండుకునేవాళ్లు. ఎవరి తప్పూ లేదు, పద్ధతి అది.

కానీ నాయనకు ఒకటే కోరిక. "నా బిడ్డ పెండ్లిలోనన్నా బసప్ప నా ఇంట్లో విస్తరి ముందర కూసోవాల."

"నాకొదిలెయ్ బావా" అన్నాడు మామ.

పక్కింటి పెరట్లో కొత్త పొయ్యి. కొత్త గిన్నెలు. అప్పుడప్పుడే మా షాపుల్లోకి వచ్చిన మీల్‌మేకర్‌తో బిర్యానీ. అత్త కోసం నెలల తరబడి చేసి చూసిన వంట అది. నానబెట్టి, రెండుసార్లు గట్టిగా పిండి, పెరుగులో ఊరబెట్టి దమ్ చేశాడు.

పంక్తి కూర్చుంది. బసప్ప తల్లి గంగవ్వ మొదటి ముద్ద పెట్టుకుంది. నమిలింది. చెయ్యి ఆగిపోయింది.

"ఇది కండ!"

లేచి నిలబడింది. ఆమెతో పాటు అందరూ లేచారు. నాయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. పెళ్లికూతురి బట్టల్లో తలుపు చాటునుంచి నేను చూస్తున్నాను.

మామ నిదానంగా వచ్చాడు. ఒక చేతిలో వేడినీళ్ల చెంబు, ఇంకో చేతిలో గుప్పెడు ఎండు మీల్‌మేకర్. గంగవ్వ ముందరే గిన్నెలో పోశాడు. అవి ఉబ్బుతుంటే ఆమె వంగి చూసింది.

తర్వాత అదే డేగిసాలోంచి తనకు వడ్డించుకుని పంక్తి చివర కూర్చున్నాడు.

"అవ్వా, నేను మాంసం ముట్టక ఎనిమిదేండ్లు. ఊరంతా నవ్వింది, నీకూ ఎరికే. ఇది కండైతే నా నోట్లోకి పోతాదా?"

తిన్నాడు.

గంగవ్వ ఆయన్నే చూసింది. మెల్లగా కూర్చుంది. విస్తరి ఖాళీ చేసింది.

"ఏమప్పా, నువ్వొక్కడివే తింటాంటే ఎట్ల? లేసి నాకింకింత ఎయ్యి!"

నాయన అటు తిరిగి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

మా ఇంట్లో స్వయంపాకం మూట కట్టడం ఆ రోజుతో సరి. "ఖాసీం సామి" అని నవ్విన నోళ్లే "మాస్టరూ, మా పెండ్లికీ ఆ డేగిసా పెట్టాల" అని ఆయన గడప తొక్కాయి. గెలిచాడు మా మామ!

నా మనవరాలు హెల్త్ కోసం, జంతువుల కోసం మాంసం మానేసింది. మంచిదే. మా మామ ఒక్క మనిషి కోసం మానేశాడు. అత్తకు బాగయ్యాక కూడా మళ్లీ ముట్టలేదు.

నిన్న సాయంత్రం, పొయ్యి వెలగని మా మామ ఇంటికి బసప్ప కొడుకు పెద్ద క్యారియర్ మోసుకొచ్చాడు. మూత తీస్తే మీల్‌మేకర్ బిర్యానీ.

"మామ చెప్పినట్టే రెండుసార్లు పిండినాము అత్తా" అన్నాడు.

పొద్దున్నుంచి పచ్చి గంగ ముట్టని మాబున్ని అత్త, రెండు ముద్దలు తిన్నది.

పోయి రా మామా. ఇన్ని పెళ్లిళ్లలో పొగకు మండిన నీ కళ్లకు అల్లా చల్లటి నిద్ర ఇవ్వాలి.