నేను పంచిపెట్టిన అమెరికా కోడి

అమెరికా రాజకీయాల్లో గోదావరి జిల్లావాడు చెయ్యి పెడితే ఏమవుతుందో మీలో ఎవరికైనా తెలుసా? నాకు తెలుసు. పండుగపూట రెండు పార్టీలవాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని ఆమ్లెట్లు తినాల్సొస్తుంది! అంతటి ఘనకార్యం చేసింది ఎవరనుకున్నారు? మీ ఎదురుగా టీ తాగుతున్న ఈ వీర్రాజే.

తొంభైల్లో సంగతి. కతార్‌లో పడమటి తీరాన దుఖాన్ అని ఆయిల్ ఊరుంది. అక్కడ లేబర్ క్యాంపు మెస్సులో నేను వంట చేసేవాణ్ణి. మామూలు వంట కాదు సుమండీ! నేను చేపల పులుసు దించితే ఆ వాసనకి బహ్రెయిన్‌లో జాలర్లు వలలు వదిలేసి ఇటు తిరిగి కూర్చునేవారు. అనుమానం ఉంటే బహ్రెయిన్ వెళ్ళి అడగండి.

ఆ పులుసు ఒకరోజు వెస్లీ సాబ్ నోట్లో పడింది. సాబ్ అమెరికా ఇంజినీరు. భార్యతో కంపెనీ విల్లాలో ఉండేవాడు. ఒక్క ముద్ద తిన్నాడో లేదో కళ్ళ నీళ్ళు! ఆనందబాష్పాలే. కారం ఎక్కువై వచ్చాయని క్యాంపులో కొందరు ప్రచారం చేశారు, అసూయకి మందు లేదుగా. ఆనాటి నుంచీ సెలవురోజుల్లో నన్ను విల్లాకి పిలిపించుకునేవాడు. ఆ విల్లా వెనక వంటవాడి కోసం కట్టిన గది ఒకటి ఖాళీగా పడి ఉంది. ఒక్క మనిషికి ఒక గది! దానికి సొంత ఏసీ! మా క్యాంపు గదిలో ఏసీ ఒకటే, గురకలు మాత్రం ఎవరివి వాళ్ళవి. ఇక చూసుకోండి, నా మనసంతా ఆ గదిమీదే.

సాబ్‌కి ఒక పిచ్చి ఉండేది. వాళ్ళ ఊరి వారపత్రికకి వెటకారపు వ్యాసాలు రాసి ఫ్యాక్స్ చేసేవాడు. వాళ్ళకీ మనలాగే పార్టీ గుర్తులున్నాయండీ. ఒకరిది ఏనుగు, ఒకరిది గాడిద. మా సాబ్ ఏనుగు మనిషి. నేను ఉల్లిపాయలు తరుగుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి చదివి వినిపించేవాడు. ఇంగ్లీషులోనే లెండి, మీకోసం తెలుగు చేస్తున్నాను.

"రాజూ, మా దేశంలో బళ్ళో పిల్లాడు ఎంత పాడుపాట పాడినా అది స్వేచ్ఛ. దేవుడా అన్నాడా, లాయరు ఊడిపడతాడు!"

"వాహ్ సాబ్!"

"మా గవర్నమెంటు దయ ఎలాంటిదో తెలుసా? నీ పళ్ళెంలో కోడికాలు తీసి వీధిలోవాడికి ఇస్తుంది. ఇచ్చేసి, తన మంచితనానికి తనే దండ వేసుకుంటుంది!"

నేను కత్తి పక్కన పెట్టి మరీ పడీపడీ నవ్వేవాణ్ణి. సగం అర్థమయ్యేది కాదు. కానీ ఎక్కడ నవ్వాలో ఆ పత్రిక ఎడిటర్‌కైనా నా అంత బాగా తెలిసి ఉండదు. సాబ్ కనుబొమ్మలు లేస్తే నవ్వాలి, అంతే రహస్యం!

నవంబరులో వాళ్ళకో పండుగ. దేవుడికి థాంక్స్ చెప్పుకుని టర్కీ కోడి తింటారు. మేడమ్ తమ్ముడు దోహాలో స్కూల్ టీచరు. గాడిద పార్టీ! అతను భోజనానికి వస్తున్నాడని శుక్రవారం మధ్యాహ్నం పెట్టుకున్నారు. సాబ్ నన్ను పక్కకి పిలిచాడు.

"రాజూ, నా బావమరిది ఇంతవరకు నా దగ్గర దేన్నీ మెచ్చుకోలేదు. నా రాతల్ని మెచ్చుకోడు, నా చర్చిని మెచ్చుకోడు. కనీసం నా ఇంట్లో భోజనాన్ని మెచ్చుకోవాలి. మెచ్చుకున్నాడా, వెనక గది తాళంచెవి నీది."

ఇంకేం కావాలి! దోహా నుంచి టర్కీ కోడి దిగింది. కోడి కాదు బాబోయ్, ఈకలు పీకిన ఒంటె పిల్ల! దానికి వెన్న పూసి ఓవెన్లో పెట్టమని మేడమ్ చెప్పింది. వెన్న పూశాను. మేడమ్ అటు తిరగ్గానే చర్మం కింద అల్లం, వెల్లుల్లి, గరం మసాలా కూడా దట్టించాను. ఆ ముందురోజే క్యాంపులో చాటింపు వేశాను కూడా.

నిజామాబాద్ మల్లేశు మా గదిలోవాడే, తాపీపని. వాడు నమ్మలేదు. "ఏంది రాజన్నా, గంత పెద్ద కోడి యాడన్న ఉంటదా? మా ఊర్ల మేకపిల్లనే గంత ఉండదు!"

"రేపు విల్లా వెనక తలుపు దగ్గరికి రారా, కళ్ళారా చూపిస్తాను. ఇంకా ఎవరైనా ఉంటే తీసుకురా!"

చూశారా, నా నోరు!

శుక్రవారం మధ్యాహ్నం టేబుల్ మధ్యలో కోడిని పెట్టాను. బంగారు గోపురంలా ఉంది. సాబ్, మేడమ్, బావమరిది తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. సాబ్ ప్రార్థన ఎత్తుకున్నాడు. కోడికి థాంక్స్, ఆయిలుకి థాంక్స్, భార్యకి థాంక్స్. ఆ తర్వాత, "ప్రభువా, మా దేశంలో కుటుంబాల్ని నిలబెట్టు. మా ప్రెసిడెంటుకి బుద్ధినివ్వు. ఎదురుగా కూర్చున్న నా బావమరిదికి కాస్త ఎక్కువ ఇవ్వు." బావమరిది కళ్ళు తెరవకుండానే దగ్గాడు.

గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డ నాకు ఒళ్ళు జలదరించింది. అప్పటిదాకా భోజనమే అనుకున్నాను. దేవుడి ముందు పెట్టి దండం పెట్టారంటే అది నైవేద్యం కదండీ! కోడి నైవేద్యం మనకేమైనా కొత్తా? మా వీధిలో అమ్మవారికి కోడిని మొక్కితే, గుమ్మంలో ఉన్నవాళ్ళకి పెట్టాకే ఇంట్లోవాళ్ళు ముట్టేది. ముందే తింటే మొక్కు చెల్లదు.

"రాజూ, లోపలికి తీసుకెళ్ళి కోసి పట్రా," అన్నాడు సాబ్.

వంటింట్లోకి తెచ్చాను. వెనక తలుపు తీస్తే మల్లేశు! వాడి వెనక క్యాంపు పికప్ దిగిన జనం, వాళ్ళ వెనక తోటమాలి, పక్క విల్లాల డ్రైవర్లు.

"రాజన్నా, వాసన గేటు కాడికి కొట్టింది!"

"చెప్పులు విప్పండ్రా! ప్రసాదం!"

తలా చిటికెడు పెట్టి పంపేద్దామనే మొదలుపెట్టాను, ఒట్టు. కానీ నా చెయ్యి పెద్దది, నా మనసు ఇంకా పెద్దది. పైగా పొగుడుతున్నారాయె! "నువ్వు ఈ మెస్సుల ఉండాల్సినోడివి కాదన్నా," అన్నాడు మల్లేశు. ఒక తొడ పోయింది. "వాహ్ ఉస్తాద్!" అన్నాడో పఠాన్ డ్రైవరు. రెండో తొడ పోయింది. "అమ్మచేతి వంట లెక్కుంది," అన్నారెవరో. రొమ్ము మొత్తం పోయింది! లోపల టేబుల్ దగ్గర బావాబావమరుదులు పన్నుల మీద కేకలేసుకుంటున్నారు. వాళ్ళకి కోడి ధ్యాసే లేదు.

చివరికి మల్లేశే వేళ్ళు నాక్కుంటూ అడిగాడు. "అంత మంచిగనే ఉంది గాని రాజన్నా, సాబ్‌కేమన్న ఉంచినవా?"

పళ్ళెంలోకి చూశాను. ఒడ్డున విరిగిపడ్డ పడవలా ఎముకల గూడు, దాని పక్కన మెడ.

ఏం చేస్తాను? కొత్తిమీర చల్లి పట్టుకెళ్ళాను.

"మిగతాది ఏది?" అన్నాడు సాబ్.

"ప్రసాదం సాబ్. దేవుడికి చూపించారు కదా, బయటవాళ్ళకి పంచాను. పుణ్యం మీదే."

సాబ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆయన్ని చూడగానే బయట జనమంతా చేతులెత్తి, "థాంక్యూ సాబ్!" అన్నారు.

బావమరిది నవ్విన నవ్వుకి గ్లాసులు కదిలాయి. "బావా! చివరికి నీ ఇంట్లోనే మా పార్టీ గెలిచింది!"

"తప్పు!" సాబ్ గిరుక్కున తిరిగాడు. "ఇందులో గవర్నమెంటు ఎక్కడుంది? ఒక ఆఫీసుందా, ఒక గుమాస్తా ఉన్నాడా? ప్రార్థన చేశాం, ఇరుగుపొరుగు తిన్నారు. నేను మొదట్నుంచీ చెప్పేది ఇదే!"

"నిన్ను అడిగే పంచాడా?"

"అడగలేదు. అడిగితే ఇచ్చేవాణ్ణి!"

"అడిగినవాళ్ళకి ఏమిచ్చావో నీ వ్యాసాల్లో చదివాను లే."

మేడమ్ లేచి నిలబడింది. "మీ దేశాన్ని తర్వాత బాగుచేద్దురుగాని. ముందు నాకు ఆకలేస్తోంది."

పరుగున వెళ్ళి ఆమ్లెట్లు వేశాను. పచ్చిమిర్చి, ఉల్లిపాయ, మిగిలిన గరం మసాలా. గది పోయినట్టే అనుకుని, ఆఖరి వంట కదా అని ప్రాణం పెట్టి వేశాను. వాళ్ళు తింటూ తిట్టుకున్నారు, తిట్టుకుంటూ తిన్నారు. బావమరిది పళ్ళెం రొట్టెతో తుడిచి, "బావా, నీ ఇంట్లో ఇంత మంచి భోజనం ఎప్పుడూ చెయ్యలేదు," అన్నాడు.

సాబ్ లేచి సొరుగు తీశాడు. మాటకి నిలబడే మనిషి. తాళంచెవి నా చేతిలో పెట్టాడు. కాకపోతే ఇంట్లో ఒక కొత్త పద్ధతి పెట్టాడు.

అప్పటిదాకా ప్రార్థనలో ఎవరి చేతులు వాళ్ళ ఒళ్ళోనే ఉండేవి. క్రిస్మస్ నాడు మాత్రం నన్ను టేబుల్ దగ్గరికి పిలిచి మధ్యలో నిలబెట్టారు. కుడిచెయ్యి మేడమ్ పట్టుకుంది, ఎడమచెయ్యి బావమరిది పట్టుకున్నాడు. ఆ తర్వాత ఏ పండుగొచ్చినా ఇదే వరస. క్యాంపంతా గుప్పుమంది. "రాజన్న చెయ్యి పట్టుకోనిదే అమెరికావోళ్ళు దేవునికి మొక్కరట!" నేనూ కాదనలేదు. నేనే కదా చెప్పింది!

మీరు నావాళ్ళు కాబట్టి అసలు సంగతి చెబుతున్నాను. ఆమెన్ అన్నాక కూడా వాళ్ళు నా చేతులు వదిలేవారు కాదు. సాబ్ అక్కడే నిలబడి తనే కోడిని కోసి, ఆఖరి ముక్క పళ్ళెంలో పడ్డాకే, "ఇక వదలండి," అనేవాడు. ఏనుగూ గాడిదా ఒక్కమాట మీద నిలబడగా నేను చూసింది అక్కడే. నన్ను కదలనివ్వకుండా పట్టుకోవడంలో!