చిరుతను చూసినవాడి ఇంగ్లీషు

గుఢియారీ తెలుగు బస్తీ టీకొట్టు దగ్గర సత్తిరాజు చిరుత గురించి తెలియనివాళ్ళు లేరు. అభన్‌పూర్ రోడ్డు మీద దాన్ని గొడుగుతో తరిమాడట. మొదట్లో అది కుక్కంతే ఉండేది. పదేళ్ళు గడిచేసరికి దాని తోక రోడ్డుకు అడ్డంగా పడి లారీలు ఆగిపోవడం మొదలైంది. తొమ్మిదో తరగతిలో బడి ఎగ్గొట్టి మళ్ళీ ఆ గుమ్మం తొక్కని మనిషి. అయినా నోట "అనుకుంటా" అన్న మాట ఒక్కనాడూ రాలేదు.

ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి మాత్రం వేరే అవతారం. ధర్సీవా వైపు ఒక ఇనుము ఫ్యాక్టరీలో షిఫ్టు రిపోర్టులు రాసేవాడు. పాత రిపోర్టులు చూసి నేర్చిన విద్య. "ఇట్ అప్పియర్స్", "పర్‌హాప్స్", "సమ్ కైండ్ ఆఫ్" లేనిదే అతని వాక్యం గడప దాటదు. ఓసారి యార్డులోకి ఎద్దు చొరబడి గుమాస్తాను కుమ్మితే, "ఎద్దు వంటి ఏదో జంతువు వచ్చినట్టు తోచుచున్నది" అని ఇంగ్లీషులో రాశాడు. గుమాస్తా నడుం పట్టుకుని మూలిగాడు. మేనేజరు మురిసిపోయాడు.

"ఖాయంగా రాసేది కూలీ ఇంగ్లీసు. ఇది సాహెబుల ఇంగ్లీసు!" అని సత్తిరాజు కాలరెగరేశాడు.

ఆ తర్వాత అదే ఫ్యాక్టరీలో పనిచేసే ప్రేమ్‌చంద్ చెయ్యి పోయింది. సత్తిరాజూ అతనూ ఒకే రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్ళు. మిట్టమధ్యాహ్నం యంత్రం బెల్టు ప్రేమ్‌చంద్ కుడిచేతిని లాగేసుకుంది. బెల్టుకు అడ్డుండే ఇనుప జాలీని, పని ఆగుతోందని మేనేజరే ఊడదీయించాడు. దాన్ని గోడకు ఆనించడం సత్తిరాజు కళ్ళారా చూశాడు. జాలీ లేదని తేలితే తప్పు ఫ్యాక్టరీది. ఉందంటే ప్రేమ్‌చంద్‌ది; పరిహారమూ రాదు, ఉద్యోగమూ ఉండదు.

సత్తిరాజు భయపడ్డాడనుకోకండి. స్నేహితుడి కోసం తన జన్మలోకెల్లా గొప్ప రిపోర్టు రాయాలని కూర్చున్నాడు. ఎంత ప్రేముంటే అన్ని "పర్‌హాప్స్"లు పెట్టాడు. జాలీ బహుశా తన స్థానంలో లేనట్టు కొంతవరకు కనిపించిందట!

"జాలీ ఉందా, లేదా?" విచారణకొచ్చిన అధికారి హిందీలో అడిగాడు.

"లేదు సాబ్! నా కళ్ళతో చూశాను."

"మరి బహుశా అని మీరే రాశారే?"

"అది ఇంగ్లీషు సాబ్. అందులో అలాగే రాస్తారు."

గదిలో నవ్వులు. "ఈయన గొడుగుతో చిరుతను కూడా తరిమాడు సాబ్," అన్నాడు మేనేజరు.

సాక్షికే నిశ్చయం లేదని తేల్చారు. తప్పు ప్రేమ్‌చంద్‌దైంది.

గేటు బయట ప్రేమ్‌చంద్ తల్లి వరహాలమ్మ నిలబడి ఉంది. "పులి మీసాలు కూడా లెక్కెట్టినావు. నా కొడుకు సెయ్యి కాడికొచ్చేతలికి నీ కళ్ళు మసకలు కమ్మినాయేట్రా?"

"ఇంగ్లీసులో అలగే రాస్తారు పిన్నీ..."

"ఇంగిలీసు నాకెందుకురా? సూసినావా, నేదా?"

"సూసినాను పిన్నీ."

"ఆ ముక్క రాయడానికి నీకేటొచ్చిందిరా, రోగం?"

నెల తిరక్కుండా ప్రేమ్‌చంద్ టీకొట్టుకొచ్చి సత్తిరాజు ఎదురుగా కూర్చున్నాడు. "సెప్పన్నా, చిరుత కథ. ఈసారి ఎంత పొడుగు?"

కొట్టంతా చెవులు రిక్కించింది. సత్తిరాజు గొంతు సవరించుకున్నాడు.

"చిరుతలాంటిదే... ఏదో కనిపించినట్టుంది," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ప్రేమ్‌చంద్ ఎడమచేత్తో గ్లాసు ఎత్తబోయి, టీ ఒళ్ళోకి ఒలకబోసుకున్నాడు.