బూందీ గరిటె కింద గ్రహణం

వంటింటి కిటికీ ఊచకు వేలాడే బూందీ గరిటె మీద పొద్దుటి ఎండ పడితే నేల మీద చుక్కలు పరుచుకుంటాయి. మొన్న కాఫీ గ్లాసుతో అక్కడే నిలబడిపోయాను. చుక్కలన్నీ నిండుగానే ఉన్నాయి. ఉండకపోవడానికి కారణమేదీ లేదు, ఆ రోజు గ్రహణం కాదు. అయినా చూస్తాను. అవి చిల్లుల బొమ్మలు కావు, సూర్యుడి బొమ్మలని నాకు చెప్పింది సుగుణ టీచర్. సాలూరులో మాకు తొమ్మిదో తరగతి ఫిజిక్స్ చెప్పేవారు. మనిషి పొట్టి. గొంతు మాత్రం రోడ్డు మీద లారీ హారన్లను దాటి వినిపించేది.

ఆవిడ గురించి చెప్పాలంటే ముందు నా పెదవి గురించి చెప్పాలి. నేను గ్రహణం మొర్రితో పుట్టాను. చిన్నప్పుడే ఆపరేషన్ చేసి కుట్టారు, గీత మిగిలింది. మా ఇంట్లో దానికి ఒకటే కారణం: 1995 అక్టోబరులో, దీపావళి రోజుల్లో పట్టిన సూర్యగ్రహణం. నేను కడుపులో ఉండగా అమ్మ ఆ పూట కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరిగిందట. కూర మాడినా, నాకు జ్వరమొచ్చినా నాన్నమ్మ మాట అక్కడికే చేరేది. "ఆ పొద్దు నువ్వు సెయ్యి ఊరికే ఉంచుకోనుంటే ఈడి మూతి ఇలగయ్యేదా?" అమ్మ ఎన్నడూ ఎదురు చెప్పలేదు. అత్తగారంటే భయపడి కాదు. తనూ అదే నమ్మింది. అన్నం పెడుతూ ఒక్కోసారి ఆ గీత వైపు చూసి, చప్పున చూపు తిప్పుకునేది. ఆ తర్వాత ఏ గ్రహణం వచ్చినా తలుపులేసుకుని గదిలో కూర్చునేది.

2010 జనవరిలో మళ్ళీ పెద్ద సూర్యగ్రహణం వచ్చింది, సరిగ్గా కనుమ నాడు. మన ఊళ్ళో సూర్యుడు పూర్తిగా మూసుకుపోడు గానీ చాలా భాగం పోతాడని టీచర్ క్లాసులో చెప్పి, చూడాలనుకునేవాళ్ళు చేతులెత్తమన్నారు. నేను తల దించుకున్నాను. వెనక బెంచీలోంచి ఒకడు, "ఈడికెందుకు టీచర్, ఈడు అమ్మ కడుపులోంచే సూసీసినాడు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. టీచర్ వాణ్ణి తిట్టలేదు. నన్ను లేపి, "ఏ నెల్లో పుట్టావురా?" అని అడిగారు.

"జనవరి టీచర్. తొంభై ఆరు."

వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నారు. "సాయంత్రం మీ ఇంటికొస్తాను. అమ్మని ఉండమను."

వచ్చారు. అప్పటికి ఆవిడకి ఐదో నెల. ఆయాసపడుతూ కుర్చీలో కూలబడి, మంచినీళ్ళు తాగి అమ్మను అడిగారు. "పైడమ్మా, ఆ గ్రహణం నాటికి నీకు ఎన్నో నెల?"

"ఆరు నిండిపోనాయి టీచరమ్మా."

"బిడ్డకి పెదవి అతుక్కునేది రెండో నెల్లో. అప్పుడు అతకకపోతేనే మొర్రి. నువ్వు వంకాయ కోసేసరికి వీడి మూతి పని ఎప్పుడో అయిపోయింది."

నాన్నమ్మ ఊరుకోలేదు. "పుస్తకాల్లో మాటలకేటి, సానా ఉంటాయి. నువ్వూ కడుపుతోటే ఉన్నావు గదా, గ్రహనం పూట గుమ్మం దాటుతావేటి?"

"నా గుమ్మం దాటి మీ గుమ్మానికే వస్తానమ్మా. మేడలెక్కమంటే నావల్ల కాదు గానీ, మీ వాకిట్లో అయితే కూర్చుంటాను."

కనుమ మధ్యాహ్నం మా వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. నాన్నమ్మ గిన్నెలన్నిటి మీదా దర్భలు వేసింది. టీచర్ మాత్రం మా వాకిట్లో సూర్యుడికి వీపు పెట్టి స్టూలు మీద కూర్చున్నారు. "పైకి చూడకు, కళ్ళు పోతాయి. భయపడాల్సింది ఆ ఒక్కదానికే." నా చేత బూందీ గరిటె తెప్పించి, ఇంకా ఎత్తు, ఇంకా ఎత్తు అంటూ పట్టించారు. నేల మీద ప్రతి చుక్కా కొరికిన అప్పడంలా ఉంది. చూస్తుండగానే అవి సన్నబడి నెలవంకలయ్యాయి. ఎండ, ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా పల్చబడింది.

"పైడమ్మా, రా" అని ఒక్కసారే పిలిచారు. అమ్మ గడప దగ్గర చాలాసేపు నిలబడింది. టీచర్ మళ్ళీ పిలవలేదు, వెనక్కి తిరిగి చూడనూ లేదు. చివరికి అమ్మ వచ్చింది. నేల మీద కూర్చుని చేతులు చాపింది. అరచేతుల నిండా నెలవంకలు. లేచి లోపలికి వెళ్ళింది. భయపడిందనుకున్నాను. కత్తిపీటా నాలుగు వంకాయలూ తెచ్చుకుని, టీచర్ పక్కనే ఆ మసక ఎండలో కూర్చుని తరగడం మొదలుపెట్టింది. ముక్కలు అడ్డదిడ్డంగా పడ్డాయి. నాన్నమ్మ గుమ్మంలోంచి చూసి చూసి, ఆఖరికి, "పుచ్చులు సూసి కొయ్యవే పైడీ" అంది. ఆ పాత వంకాయల మాట మా ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

ఎండాకాలం చివర్లో టీచర్‌కి పాప పుట్టింది. వెళ్ళినవాళ్ళందరూ ముందు మూతే చూశారు. బాగుంది. "మనం గెలిచాం టీచర్" అన్నాను.

"ఏటి గెలిచాం? ఒక పాప బాగుంటే ఏదీ రుజువు కాదురా. దీని పెదవి చీలి పుట్టినా నేను చెప్పిన లెక్క మారదు. ఊరిని ఒప్పించడం కష్టమయ్యేది, అంతే."

ఆ 'అంతే' అంటూ పాప పెదవిని వేలితో మెల్లగా నిమిరారు. ఆవిడ దేన్ని పణంగా పెట్టి మా వాకిట్లో కూర్చున్నారో నాకు అప్పుడు తెలిసింది.

తర్వాత ఆవిడ శ్రీకాకుళం వైపు బదిలీ అయి వెళ్ళిపోయారు. నేనిప్పుడు గరివిడిలో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరుని. ఏ యంత్రం ఆగినా అందరూ ముందు చూసేది దాన్ని చివరగా ముట్టుకున్న మనిషి వైపు. నేను మాత్రం అందులో పగులు ఎప్పుడు మొదలైందో చూడమంటాను. "సారు మిషన్‌క్కూడా పుట్టిన నెల అడుగుతారు" అని మావాళ్ళు నవ్వుకుంటారు.

మీసం పెంచితే పెదవి మీద గీత కనబడదని పెళ్ళిచూపుల ముందు ఎవరో సలహా ఇచ్చారు. పెంచలేదు. అమ్మ ఇప్పుడు నా మొహంలోకి చూస్తూనే అన్నం వడ్డిస్తుంది.