పచ్చికాయ కోసే కోటేశు

1984. సత్తెనపల్లి బస్టాండు ఎదురుగా నా కళ్ళజోళ్ళ దుకాణం, సాయిబుగారి కొట్టంటే అందరికీ తెలుసు. మిలిటరీ సెలక్షన్లు ఉన్నాయని తెలిస్తే చాలు, చుట్టుపక్కల కుర్రాళ్ళు ముందుగా నా దగ్గరికొచ్చి చూపు పరీక్ష చేయించుకునేవాళ్ళు. ఎందుకురా వెళ్తున్నారంటే ఒకడు యూనిఫాం అనేవాడు, ఒకడు రైలెక్కి దేశం చూస్తాననేవాడు. నాకు వాళ్ళ కబుర్లంటే మహా సరదా.

కోటేశు అలా వచ్చినవాడే. పంతొమ్మిదేళ్ళుంటాయి, ఆరడుగుల మనిషి. ఐ చార్ట్, అంటే గోడమీది అక్షరాల పట్టిక, కింది వరసదాకా గడగడా చదివేశాడు. భేష్ అనుకుని కలర్ టెస్ట్ పుస్తకం తీశాను. రంగు చుక్కల మధ్య అంకె ఉంటుంది, అది చెప్పాలి. మొదటి పేజీ చెప్పాడు. రెండో పేజీలో అంకే లేదన్నాడు. మూడోదీ అంతే. వేళాకోళమాడుతున్నాడేమోనని ఒళ్ళు మండి ఓ కేక వేశాను. వాడు బిక్కమొహం వేశాడు. నిజంగానే కనబడటం లేదు.

"మిరపచేలో పండుకాయకీ పచ్చికాయకీ తేడా తెలుస్తుందా?" అనడిగాను.

తలొంచుకున్నాడు. ఎంత జాగ్రత్తగా కోసినా పచ్చివి పడిపోతాయట. అవి కళ్ళంలో ఎండి తెల్లబారి తాలవుతాయి, సరుకు చెడుతుంది. ఒళ్ళొంచక అలా కోస్తున్నాడని వాళ్ళ నాన్న కూలీలందరి ముందూ తిడతాడట.

"మరి మిలిటరీకెందుకు?"

"అక్కడందరి బట్టలూ ఒకటే రంగు గదండీ. రంగు అడిగేవాడే ఉండడనుకున్నా."

పగలబడి నవ్వాను. ఆ వెంటనే చాలా బాధేసింది. ఇది రెడ్-గ్రీన్ లోపమనీ, పుట్టుకతోనే వస్తుందనీ, మందు లేదనీ చెప్పాను. సెలక్షన్లో దాచొద్దు, తీసుకునేదీ లేనిదీ వాళ్ళ డాక్టరు తేలుస్తాడన్నాను. వాడికి ఆ ధ్యాసే లేదు.

"సాయిబుగారూ, నాది బద్ధకం కాదని కాగితం మీద రాసివ్వండి. మా నాన్నకి చూపిస్తా."

రాసిచ్చాను. మర్నాడు కొడుకుని వెంటేసుకుని తండ్రే దిగాడు. పుస్తకం చూపించమన్నాడు. తనకి అంకెలన్నీ శుభ్రంగా కనబడుతుంటే పక్కన కొడుకు ఏం లేదంటున్నాడు. మూడో పేజీకి పెద్దాయన పుస్తకం మూసేశాడు.

"నిరుడు కళ్ళంలో నీ మీద చెయ్యి చేసుకున్నానురా," అన్నాడు. మిలిటరీ ఏమీ వద్దు, కోత జోలికి పోకుండా చేలో నీళ్ళు కట్టుకో చాలన్నాడు.

"లేదు నాన్నా. నిన్నటిదాకా పారిపోదామనుకున్నా. ఇప్పుడు నిజంగానే వెళ్ళాలనుంది."

వెళ్ళాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, ఆ చూపుకి తగ్గ పనిలోనే తీసుకున్నారు. అప్పటినుంచి ఏ కుర్రాడొచ్చినా చార్టు చూపించేముందు ఎందుకు వెళ్తున్నావని అడిగి, జవాబు పూర్తిగా వినడం అలవాటు చేసుకున్నాను.

మొదటి సెలవుకి యూనిఫాం వేసుకుని తండ్రితో దుకాణానికొచ్చాడు. నా నోరు ఊరుకోదుగా, ఇది ఏ రంగోయ్ అని ఆటపట్టించబోయాను. తండ్రి మధ్యలోకొచ్చి నిలబడ్డాడు.

"సాయిబూ, మావాణ్ణి రంగులడగొద్దు."