రొయ్యల మీద చేతులుంచిన రోజులు

ఆ రోజుల్లో నేను ఉద్యోగానికి వెళ్తున్నాననుకోలేదు, సేవకు వెళ్తున్నాననుకున్నాను. డిగ్రీ అయ్యాక భీమవరంలో రొయ్యల చెరువులకు పరీక్షలు చేసే ల్యాబులో చేరేసరికి నాకు ఇరవై రెండేళ్ళు. సరిగ్గా వారం ముందు మొగల్తూరులో మా చర్చివాళ్ళు మూడు రోజుల ఉజ్జీవ సభలు పెట్టారు. ఆఖరి రోజు ప్రసంగీకుడు "పనిచేసే చోట ప్రభువుకి సాక్షులుగా నిలబడేవాళ్ళు చెయ్యెత్తండి" అంటే నేను రెండు చేతులూ ఎత్తేశాను. (ఒకటి సరిపోయేది.) మొదటి రోజు క్యారేజీ కడుతూ అమ్మ, "సాక్ష్యం తర్వాత చెప్దువుగానీ, ముందు పని నేర్చుకోవే తల్లీ" అంది. అమ్మ విశ్వాసం కాస్త చల్లబడిందేమోనని బస్సులో కూర్చుని ఆవిడ కోసం ప్రార్థన చేశాను.

ల్యాబంటే రెండు గదులు, ఒక ఏసీ, రొయ్యకి వైరస్ ఉందో లేదో చెప్పే ఒక మిషను. ఓనరుని అందరూ డాక్టరు గారనేవారు (వైద్యమంతా రొయ్యలకే). ఆయన కాక మా సీనియర్ అక్క ఒకావిడ ఉండేది. శనివారం ఉపవాసం, మిగతా ఆరు రోజులూ నోటికి విరామం లేదు. చేరిన నెల తిరక్కుండా నేను ఫ్రిజ్ మీద, మిషను మీద, ఆఖరికి చేతులు కడుక్కునే సింకు మీద కూడా బైబిలు వాక్యాల స్టిక్కర్లు అంటించేశాను. ఫోనెత్తి "ప్రైజ్ ది లార్డ్ అండి" అనేదాన్ని. "అమ్మాయ్, రైతులు రాంగ్ నంబరనుకుని పెట్టేస్తున్నారమ్మా. ముందు ల్యాబు పేరు చెప్పి ఆ తర్వాత నీ ఇష్టం" అని డాక్టరు గారు బతిమాలుకున్నారు. మధ్యాహ్నం క్యారేజీ ముందు నేను చేసే ప్రార్థన ఎంత పొడుగంటే, ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి అక్క తినేసి చెయ్యి కూడా కడుక్కుని వచ్చేది. ఒకటి రెండుసార్లు నా పులుసులో చేపముక్కలు తగ్గినట్టు అనుమానం కూడా వచ్చింది గానీ, అనుమానం పాపమని ఊరుకున్నాను.

ఇవన్నీ పైకి కనిపించేవి. ఎవరికీ తెలియని సేవ ఇంకొకటి ఉండేది. రైతులు పొద్దున్నే ఒక్కో చెరువు నుంచి నాలుగైదు రొయ్యలు పట్టి కవర్లో వేసి తెచ్చేవారు. కవరు మీద రాస్తే తడికి చెరిగిపోతుందని, ట్రేలో నంబర్లు వేసిన గళ్ళలో పెట్టి, ఏ గడి ఎవరి చెరువో రిజిస్టరులో రాసుకునేవాళ్ళం. అక్క టీ తాగడానికి వెళ్ళగానే నేను ఒక్కో కవరూ బయటికి తీసి, రెండు చేతుల మధ్యా పట్టుకుని, కళ్ళు మూసుకుని ఆ చెరువు కోసం, ఆ రైతు కోసం ప్రార్థన చేసి మళ్ళీ గడిలో పెట్టేదాన్ని. రోగుల మీద చేతులుంచేవాళ్ళను చూశాను గానీ రొయ్యల మీద ఉంచినదాన్ని ఈ జిల్లాల్లో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మాకు వచ్చే రైతుల్లో దారాల రాజుగారని ఒకాయన. తన గుర్తు కోసం కవర్లకి రంగు దారాలు కట్టి తెచ్చేవారు కాబట్టి ఆ పేరు అక్క పెట్టింది. రోడ్డు చెరువుకి పచ్చ దారం, కాలవ చెరువుకి ఎర్ర దారం. అంతకుముందు రెండు పంటలు వరసగా పోయి మనిషి సగమైపోయారు. కాలవ చెరువులో ఏదో కొద్దిగా రొయ్య పిల్లని వేశారు గానీ, ఆశంతా రోడ్డు చెరువు మీదే. ఇంకో ఇరవై రోజులు ఆగితే రొయ్య మంచి సైజుకొస్తుంది. ఇవన్నీ విన్నాక నా గుండె కరిగిపోయి, ఆ రోజు ఆయన కవర్లు రెండూ ఒకేసారి చెరో చేతిలో పట్టుకుని కన్నీళ్ళతో ప్రార్థించాను. ఆ తర్వాత పరీక్ష చేస్తే నాలుగో గడిలోది వైరస్ అని వచ్చింది. రిజిస్టరు చూస్తే నాలుగో గడి రోడ్డు చెరువు. మధ్యాహ్నం నేనే ఫోన్ చేసి చెప్పాను. ఏ చెరువో రెండుసార్లు చెప్పించుకున్నారు. "సరేనమ్మా. అదంతా చచ్చిపోకముందే ఇవాళే పట్టించేస్తాను" అన్నారు.

ఫోన్ పెట్టేసి, మిగిలిన రొయ్యల్ని పారెయ్యడానికి ట్రే దగ్గరికి వెళ్ళాను. నాలుగో గడిలో ఎర్ర దారం ఉంది. ఐదో గడిలో పచ్చ దారం. రిజిస్టరు తెచ్చి మళ్ళీ చూశాను, నాలుగు రోడ్డు చెరువు, ఐదు కాలవ చెరువు. వైరస్ కాలవ చెరువుకి, పట్టేస్తున్నది నిక్షేపంలాంటి రోడ్డు చెరువుని. మార్చింది ఎవరో కాదు, ప్రార్థన చేసిన ఈ రెండు చేతులే.

రాజుగారికి ఎన్నిసార్లు చేసినా ఫోనెత్తలేదు. డాక్టరు గారు విశాఖపట్నంలో ఉన్నారు. అక్కకి అంతా చెప్పి ఏడ్చాను. అక్క నిదానంగా, "ఏడవకు. ఎల్లి, 'మిషను తేడా చేసింది, ఆపండి' అని చెప్పు. చెరువూ దక్కుద్ది, నీ ఉద్యోగమూ దక్కుద్ది. ఆయనకేంటి నష్టం?" అంది. నిజమే, ఆ అబద్ధంతో ఎవరికీ నష్టం లేదు, ఒక్క మిషనుకి తప్ప. అక్క స్కూటీ తాళాలు అడిగి పుచ్చుకుని బయల్దేరాను. దారి పొడుగునా చేసింది ప్రార్థన కాదు, రిహార్సలు. "మిషను తేడా చేసిందండి, మిషను తేడా చేసిందండి" అని ఎదురుగాలికి అప్పజెప్పుకుంటూ వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి గట్టు మీద ఐసు బండి, పదిహేను మంది కూలీలు, భుజాన వల. ఒకడు అప్పటికే మోకాలి దాకా దిగాడు. "ఆపండి, ఆపండి" అని అరుస్తూ స్కూటీని గట్టు మీద పడేసి పరిగెత్తాను. రాజుగారు ఎదురొచ్చారు. "ఏంటమ్మా, ఏమైంది?"

"ఈ చెరువు కాదండి. రిపోర్టు తప్పండి. వైరస్ కాలవ చెరువుకండి."

"మిషను పాడయిందా?"

చూడండి, నేను దారంతా మోసుకొచ్చిన మాటని ఆయనే చేతిలో పెట్టారు. అవునండి అంటే అయిపోయేది. అందామనే నోరు తెరిచాను. ఆయన ఎన్నాళ్ళుగానో నిద్రలేని కళ్ళతో నా నోటి వంకే చూస్తున్నారు.

"లేదండి. మిషను బాగానే ఉందండి. నేను... మీ కవర్లు పట్టుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేశానండి. మళ్ళీ పెట్టేటప్పుడు మారిపోయాయండి."

కూలీల్లో ఎవడో కిసుక్కున నవ్వాడు. రాజుగారు వాడి వైపు చూసేసరికి ఆగిపోయాడు. ఆయన తలపాగా తీసి మొహం తుడుచుకుని, "ఒరేయ్, వల తియ్యండి. కాలవ చెరువుకి పదండి" అని కేకేసి నా వైపు తిరిగారు. తిడతారనుకున్నాను. తిట్టారు కూడా, బాగానే. "చదువుకున్నావు, బుద్ధుండక్కర్లేదా? ఇంకో గంట దాటితే నా బతుకేమయ్యేదమ్మా?" అన్నారు. నేను వెక్కిళ్ళు పెడుతుంటే కాసేపటికి ఆయన గొంతు తగ్గింది. "నా చెరువుకి ప్రార్థన చేసేవా? ఎవరు చెయ్యమన్నారు?"

"అందరి చెరువులకీ చేస్తానండి."

"చెయ్యి తల్లీ, వద్దన్లేదు. ఈసారి కళ్ళు తెరుచుకుని చెయ్యి. ఆయనేం అనుకోడు."

మర్నాడు డాక్టరు గారు స్టిక్కర్లన్నీ నా చేతే పీకించి, తడికి చెరగని లేబుళ్ళ కట్టలు రెండు నా ముందు పడేశారు. "నీకు అంటించడం సరదా కదమ్మా. ప్రతి కవరుకీ అంటించు" అన్నారు. ఉద్యోగం మాత్రం తీసెయ్యలేదు. రాజుగారు ఆ తర్వాత ఒక పంట మొత్తం ఇంకో ల్యాబుకి వెళ్ళారు. ఆయన్ని తప్పుపట్టలేను. మళ్ళీ వచ్చిన రోజు మాత్రం కవర్లు తిన్నగా నా బల్ల దగ్గరికే తెచ్చిచ్చి, "పరీక్ష నువ్వే చెయ్యమ్మా, తప్పు జరిగితే చెప్తావు" అన్నారు. ఆ మాటకి బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

ఇప్పుడు నేను రొయ్యలు ఎగుమతి చేసే ఒక ఫ్యాక్టరీలో నాణ్యత చూసే అధికారిని. నా ప్రార్థనలు పొట్టివయ్యాయి, మాటలు నున్నగా అయ్యాయి. చుట్టూ ఎటు చూసినా మిషన్లే, తప్పు దేని మీదికైనా నెట్టేయొచ్చు. పోయిన వారం నా పొరపాటు ఒకటి బయటపడితే, నెపం పెట్టడానికి ఏ మిషను బాగుంటుందా అని అరగంట కూర్చుని ఆలోచించాను. గట్టు మీద వెక్కిళ్ళు పెట్టిన ఆ పిల్లకి నిజం చెప్పడానికి అరనిమిషం కూడా పట్టలేదు. చివరికి లేచి వెళ్ళి మా మేనేజరుతో నేనేనండి అని చెప్పాను గానీ, ఆ పిల్ల ముందు కాస్త సిగ్గేసింది. దానికి అబద్ధం చెప్పడం రాలేదు. నాకు వచ్చు, అయినా ఇప్పటికీ దాని మాటే వింటున్నాను, అరగంట ఆలస్యంగా.