బండకు పోసిన గంజి

పొద్దున మా వీధి మలుపులో రోడ్డు పనికని ఒక టిప్పరు ఎర్రటి గరుసు కుమ్మరించి పోయింది. పాలప్యాకెట్టు కోసం బయలుదేరినదాన్ని అక్కడే నిలబడిపోయి, పిడికెడు తీసుకుని వేళ్లతో నలిపితే కాకిబంగారం మెరిసింది, ఎండిన వేరుముక్క ఒకటి చేతికి తగిలింది, ఇది ఎవరి చేనో అనుకునేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కర్నూలు కాలేజీలో ఇన్నేళ్లు రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి రోడ్డు మీది మన్ను చూసి ఏడిస్తే నవ్వుతారని తెలుసు. నా ఈడువాళ్లు గనక మీకు చెప్పుకుంటున్నాను.

ఆలూరు పక్క మా ఊళ్లో నల్లరేగడి ఉన్నవాళ్లు శనగ వేసుకుంటుంటే, మా నాయన వాటాకు వచ్చింది మాత్రం గడ్డపార వేస్తే ఖణేలుమనే గరుసు నేల. ఆయన ఎండాకాలమంతా ఆ పుచ్చురాతిని పొడిచి, గుంటల్లో కానుగాకు, వేపాకు, గొర్రెల ఎరువు తొక్కి తడిపేవాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది, ఇంట్లో పులిసిపోయిన గంజిని కుండతో మోసుకుపోయి బండ నెర్రెల్లో పోసేవాడు, పులుపు తగిలితే రాయి మెత్తబడుతుందని ఆయన నమ్మకం. ఊరంతా ఆయనను బండకు బువ్వ పెట్టేటాయన అని ఎగతాళి చేసేది, ఇంట్లో గింజలు అడుగంటిన రోజుల్లో మా అమ్మ ఆ కుండను చూసి మెటికలు విరిచేది.

డిగ్రీలో చేరాక ఆ పిచ్చిలోని నిజం నాకు తెలిసింది. ఆకు కుళ్లినా, గంజి పులిసినా, వేరు చెమర్చినా సేంద్రియ ఆమ్లాలు పుడతాయి, అవి రాతిలోని సిలికేట్ ఖనిజాలను పట్టుకుని ఇనుమును, అల్యూమినియాన్ని మెల్లగా లాగేస్తాయి, పొటాషియాన్ని మొక్కకు వదులుతాయి, చివరకు మిగిలేది బంకమన్ను. సెలవులకు వచ్చి సంబరంగా చెబితే, ఎంత కాలం పడుతుందని నాయన అడిగాడు. గంజికి లొంగే రాయి కాదని, వానా వేరూ ఆకూ కలిసి పనిచేసినా జానెడు మన్నుకు వేల ఏళ్లని చెప్పక తప్పలేదు. ఆయన "ఎవురో ఒకరు మొదలుపెట్టాల గదమ్మా" అన్నాడు. మరుసటి పొద్దున కుండ మళ్లీ చేనికి పోయింది.

గంజి వల్ల కాకపోయినా, ఆ పొడవడం, ఆకు తొక్కడం వల్ల ఆయన పోయేనాటికి చేనిలో మెత్తటి మన్ను తేలింది, వేరుశనగ చెట్టు పీకితే కాయ తెగకుండా వచ్చేది.

తర్వాత చేను మా అన్న వాటాకు వచ్చింది. బోర్లు ఎండి, వరసగా పంటలు పోయి, పోయిన ఎండాకాలంలో దాన్ని గరుసు తవ్వేవాళ్లకు ఇచ్చేశాడు. నాకు తెలిసి పరుగెత్తేసరికి జేసీబీ నాయన చేసిన మన్నును కూడా గరుసుతో కలిపి ఎత్తేసింది, అడుగున బోడిబండ తేలింది. అన్న గట్టు మీద కూర్చుని ఉన్నాడు. "నాయిన పానం తినింది, నా పానమూ తింటాండాది ఈ నేల. పోతే పోనీమ్మా" అన్నాడు నా వైపు చూడకుండా. కోపంతో వెళ్లినదాన్ని, పగిలిన ఆయన మడమలు చూశాక పక్కనే కూలబడ్డాను. ఇద్దరం ఏడ్చాము.

ఆ బండ మళ్లీ మన్ను కావాలంటే ఏ ఆమ్లం ఏం చేయాలో నాకు సూత్రాలతో సహా తెలుసు, తెలుసు గనకే ఆశ లేదు. తెలియనివాళ్లయితే వచ్చే వానకు ఏదో ఒకటి మొలవదా అని చూస్తారు. మనం పెరిగిన రోజుల్లోనూ పంట పోయేది, పశువు పోయేది, మనుషులూ పోయేవాళ్లు, అన్నిటికీ పెద్దవాళ్ల దగ్గర ఒకటే ఓదార్పు ఉండేది, నేల యాడికి పోతాదిలే అని. ఆ రోజు గట్టు మీద అన్న పక్కన కూర్చున్నప్పుడు, అలవాటు కొద్దీ ఆ మాటే నా నోటిదాకా వచ్చింది.